హగరి తీరం – 17: కణేకల్ చేతికి హెచ్.ఎం.టి. వాచీ

గత భాగంలో తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అనంతపురం జిల్లా కణేకల్ చెరువులోకి దిగిన కథ దగ్గర ఆగాం. ఈ వారం ఆ నీళ్లు కాసిన మనుషుల ముంజేతుల మీదికి వద్దాం. 1960ల నుంచి 1990ల దాకా ఈ సీమలో మాస్టరు చేతికి, కండక్టరు చేతికి, కాలువ మీద లస్కరు చేతికి, కొత్త పెళ్లికొడుకు చేతికి ఎక్కువగా కనబడింది ఒక్క పేరే: హెచ్.ఎం.టి. అది పుట్టింది బెంగళూరులో. కణేకల్‌కు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. హైదరాబాదు కంటే అదే దగ్గర.

1953 మా ప్రాంతానికి మరిచిపోలేని ఏడాది. హొస్పేట దగ్గర తుంగభద్ర డ్యాంలో నీళ్లు నిలిచింది ఆ ఏడే. అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అప్పటిదాకా బళ్లారి జిల్లాలో ఉన్న రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలోకి వచ్చింది. దాంతోపాటే కణేకలూ వచ్చింది. జిల్లా మారింది గానీ పెళ్లి బట్టలకూ, పెద్ద ఆసుపత్రికీ బళ్లారి బస్సెక్కడం మానలేదు. బెంగళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అనే ప్రభుత్వ సంస్థ మొదలైందీ 1953లోనే. స్విట్జర్లాండుకు చెందిన ఓర్లికాన్ కంపెనీ సాయంతో లేత్ మిషన్లు చెయ్యడం దాని మొదటి పని. వాచీల ఆలోచన అప్పటికి లేదు.

వాచీ రాకముందు ఇక్కడ పొద్దే గడియారం. వేగుచుక్క పొడిస్తే మడక కట్టేవాళ్లు, బారెడు పొద్దెక్కితే సద్ది మూట విప్పేవాళ్లు, నీడ కాళ్ల కిందికి చేరితే ఎద్దుల్ని విడిచేవాళ్లు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఇంకో మాట చెప్పాలంటే, కణేకల్ వరకూ వాచీ కంటే ఆ లెక్కే నిజానికి దగ్గర. 1906 జనవరి 1 నుంచి మన దేశమంతటికీ ఒకే సమయం పెట్టారు. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడ పక్కగా పోతుంది. కణేకల్ ఉన్నది సుమారు 77 డిగ్రీల మీద. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, కాకినాడలో పొద్దు నడినెత్తికి వచ్చిన 22 నిమిషాలకు గానీ కణేకల్‌లో నడినెత్తికి రాదు. వాచీ పన్నెండు చూపించినప్పుడు ఇక్కడి రైతు నీడ ఇంకా పడమటికే వాలి ఉంటుంది. ఆ 22 నిమిషాల తేడాను ఈ ఊరు ఎవరినీ అడగకుండా ఒప్పుకుంది. రైలు కోసం, కచేరీ కోసం, బడి కోసం ఒప్పుకుంది.

రైలు మాట వచ్చింది కాబట్టి గుంతకల్లు గురించి చెప్పాలి. 1906కు ముందు రైళ్లు మద్రాసు సమయం మీద నడిచేవి. ఈ జిల్లాలో నిమిషాల లెక్క మొదట అలవాటైంది గుంతకల్లు జంక్షన్ చుట్టుపక్కల రైల్వే కుటుంబాలకే. వాళ్ల జేబుల్లో, చేతుల్లో ఉన్నవి స్విస్ వాచీలు. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ వారి ‘సోవార్ ప్రైమా’ రైల్వేలోనూ పటాలాల్లోనూ పేరు మోసింది. ఫావ్ర్ లూబా బొంబాయిలో 19వ శతాబ్దం నుంచే దుకాణం నడిపింది. ఇవన్నీ ఉద్యోగులవి, జమీందార్లవి. మెట్ట రైతు ఇంట్లో వాచీ ఉండటమన్నది స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఊహకందని సంగతి.

స్వాతంత్ర్యం తరవాత విదేశీ మారకం కరువై దిగుమతులు బిగించారు. దాంతో స్విస్ వాచీ దొంగసరుకు అయింది. ఆ దొంగరవాణా ఎంత పెద్ద ఎత్తున జరిగేదో తెలియాలంటే 1962 కస్టమ్స్ చట్టంలో 123వ సెక్షన్ చూడండి. మామూలుగా నేరం రుజువు చేసే బాధ్యత సర్కారుది. ఆ సెక్షన్ కింద మాత్రం, పట్టుబడ్డ సరుకు స్మగ్లింగ్‌ది కాదని నిరూపించుకోవలసిన భారం అది ఎవరి దగ్గర దొరికిందో వాళ్ల మీదే పెట్టారు. ఏ సరుకులకు? బంగారం, ఆ తరవాత వాచీలు. బంగారం సరసన చేతి గడియారాన్ని కూచోబెట్టిన చట్టం అది. సామాన్యుడు నిమిషం చూసుకోవాలంటే అంత గండం దాటాల్సిన రోజుల్లో ప్రభుత్వం తానే వాచీ చెయ్యాలనుకుంది.

1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. బెంగళూరు జాలహళ్లిలో వాచీ ఫ్యాక్టరీ లేచింది. తొలి విడత చేతివాచీలను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్లు. ఏడాదికేడాది ఒక్కో భాగాన్నీ ఇక్కడే చేసుకుంటూ పోయారు. తల వెంట్రుక కంటే సన్నని హెయిర్ స్ప్రింగు, కంటికి ఆనని మరలు, కృత్రిమ కెంపు రాళ్లు. అంతకుముందు ఇలాంటి పని పెద్ద ఎత్తున మన దేశంలో జరగలేదు. లేత్ మిషన్లు చేసిన సంస్థకు ఆ పనితనం దక్కడం న్యాయమే.

ఇక హెచ్.ఎం.టి. వాచీల్లో ‘జనతా’ అనేదాన్ని దగ్గరగా చూద్దాం. ఈ బ్రాండు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనది అదే. నికెల్, క్రోము పూత వేసిన కేసు. తెల్లని డయల్, సన్నని ముళ్లు. పన్నెండు కింద హెచ్.ఎం.టి. ముద్ర, కొన్నిటి మీద ‘జనతా’ అని దేవనాగరిలో ఉంటుంది. కింది భాగంలో ‘17 జ్యువెల్స్, పారాషాక్’. తారీఖు లేదు, వారం లేదు, దానంతటది తిరిగే ఏర్పాటు లేదు. పొద్దున పళ్లు తోముకున్నాక కీ ఇవ్వాలి. ఒకసారి నిండుగా కీ ఇస్తే ఒక రాత్రీ పగలూ దాటి ఇంకొంచెం నడుస్తుంది. ‘కీ ఇచ్చినావా?’ అన్న ప్రశ్న ఈ ఇళ్లలో ‘సద్ది తిన్నావా?’ అన్నంత మామూలుగా వినబడేది.

వెనక మూత తియ్యండి. సంస్థ 0231 అని పిలిచిన యంత్రం కనబడుతుంది; సిటిజన్ నమూనా మీద నడిచింది. చుట్ట చుట్టిన స్ప్రింగు విప్పుకుంటూ చక్రాలను తోస్తుంది. చివర ఉన్న బ్యాలెన్స్ చక్రం ఇటూ అటూ ఊగుతూ ఆ తోపును గుక్కలు గుక్కలుగా వదులుతుంది. క్షణానికి 5 కొట్లు, గంటకు 18,000, రోజుకు 4,32,000. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయినా ఆ యంత్రం తన పనిలో దాదాపు మూడు వేల వంతులకు ఒక వంతే తప్పినట్టు. బ్యాలెన్స్ ఇరుసు కొనలు సూదికంటే సన్నం. వాచీ కింద పడితే ముందు విరిగేది అవే. ఆ కొనల మీద రాయిని ఒక చిన్న స్ప్రింగుతో అదిమి పెట్టి దెబ్బ కాచే ఏర్పాటే డయల్ మీద రాసిన పారాషాక్. సైకిల్ మీద గుంతల దారిలో రోజూ పోయివచ్చే మనిషికి దాని విలువ తెలుసు.

ఈ ప్రాంతపు శత్రువు వేరే ఉంది. ఇసుక. హగరి పక్కన హనకనహాళ్ మొదలైన ఊళ్ల వైపు నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు కట్టిన సంగతి ఈ ధారావాహికలో ముందే రాశాను. గాలికాలంలో ఆ ఇసుక పొడి కీ పక్కనున్న సందులోంచి వాచీలోకి దూరి నూనెతో కలిసి బంక అవుతుంది. అప్పుడు వాచీ వెనకబడుతుంది. రిపేరు బల్ల ముందు కూచున్న మనిషి కంటికి భూతద్దం పెట్టుకుని, ఒక్కో చక్రం విప్పి పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, సూదిమొనతో నూనె చుక్క పెట్టి మళ్లీ బిగించేవాడు. చెమటకు కేసు మీద పూత లేచి కొమ్ముల దగ్గర ఇత్తడి బయటపడేది. దానికి మందు లేదు. వాడిన వాచీ అని చెప్పే సంతకం అది.

జనతాకు అన్నదమ్ములు చాలామంది. నల్ల డయల్ మీద తెల్ల అంకెల ‘పైలట్’ కాలేజీ కుర్రాళ్ల మోజు. సైనికుల కోసం ‘జవాన్’. ఆడవాళ్లకు ‘సుజాత’. పలచగా, బంగారు పూతతో ‘సోనా’ గుమాస్తాల, లాయర్ల చేతికి. చూపు లేనివాళ్ల కోసం అద్దం మూత తెరిచి వేళ్లతో ముళ్లనూ చుక్కలనూ తడిమి సమయం తెలుసుకునే బ్రెయిలీ వాచీ కూడా చేశారు. సర్కారు ఫ్యాక్టరీ కాబట్టే ఇది సాధ్యమైందని నా నమ్మకం. లాభం లెక్క ఒక్కటే చూసుకునే చోట ఆ వాచీ పుట్టేది కాదు.

వీటన్నిటిలో ‘కంచన్’ కథ వేరు. చేతి కదలికతోనే దానంతటది కీ తీసుకునే ఆటోమేటిక్, వారమూ తారీఖూ చూపించేది. దాని కోసం జనం ఎగబడ్డారు. పెళ్లిలో అల్లుడికి ఉంగరం, సైకిలు, రేడియోతో పాటు వాచీ పెట్టడం అప్పటికే రివాజు అయిపోయింది. వాచీ లేకుండా మగపెళ్లివారు మెత్తబడని ఇళ్లు ఉండేవి. అల్లుడి వాచీ కోసం పొలం గట్టు మీద పెరిగిన చింతచెట్టు అమ్మిన సంసారాల మాట ఈ ప్రాంతంలో ఎవరిని కదిలించినా వినబడుతుంది. జనం కోసం చేసిన వస్తువు కట్నం జాబితాలోకి ఎక్కడం ఈ కథలో నొచ్చుకోవలసిన పుట. సంస్థ గొప్ప చెప్పుకునేటప్పుడు దీన్ని దాటవెయ్యకూడదు.

అడిగినంత సరుకు ఫ్యాక్టరీ ఇవ్వలేకపోయింది. షోరూముల ముందు వరసలు, పేరు రాయించుకుని ఎదురుచూపులు. బెంగళూరులో చుట్టమో తెలిసినవాళ్లో ఉన్న ఇంటికి ఊరంతా సిఫారసు. అదే కారణంగా ఫ్యాక్టరీలు పెరిగాయి. బెంగళూరులోనే రెండోది, 1970ల్లో శ్రీనగర్‌లో, 1978లో తుమకూరులో, 1980ల్లో ఉత్తరాఖండ్ కొండల అంచున రాణీబాగ్‌లో. తుమకూరు మాకు మడకశిర దాటితే పక్క జిల్లా. శ్రీనగర్‌లో చేసిన వాచీలకు అక్కడి చెట్టు పేరు మీద ‘చినార్’ అని పెట్టారు. ఆ ఫ్యాక్టరీ జనరల్ మేనేజర్ హెచ్.ఎల్. ఖేరాను 1990 ఏప్రిల్‌లో తీవ్రవాదులు ఎత్తుకుపోయి చంపారు. శ్రీనగర్ ఫ్యాక్టరీ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. సంస్థ మొత్తం మీద 10 కోట్లకు పైగా వాచీలు చేసినట్టు తనే చెప్పుకుంది.

అప్పటి మన తెలుగు రాజధాని హైదరాబాదులోనూ ఒక ప్రయత్నం జరిగింది. 1942లో నిజాం ఏలుబడిలో, అల్లావుద్దీన్ కంపెనీ భాగస్వామ్యంతో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ మనకు బీరువాలతో, ఫ్రిజ్‌లతో, డబుల్ డెక్కర్ బస్సుల బాడీలతో తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా 1980ల తొలినాళ్లలో అది జపాన్ సీకో సాంకేతికతతో వాచీలు మొదలుపెట్టింది. సిటిజన్ చెయ్యి పట్టుకుని బెంగళూరు, సీకో చెయ్యి పట్టుకుని హైదరాబాదు! జపాన్‌లో పోటీపడిన ఇద్దరి పనితనమూ దక్కన్‌లో ఒకదానికొకటి పోటీకి వచ్చింది. ఆల్విన్ వాచీ కట్టుకున్నవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. కానీ హెచ్.ఎం.టి.కి ఉన్నంత వయసు, ఊరూరా రిపేరు బలం ఆల్విన్‌కు రాలేదు. 1990ల్లో ఆల్విన్ ముక్కలైంది; ఫ్రిజ్‌ల భాగం వోల్టాస్‌కు పోయింది, వాచీల భాగం నిలదొక్కుకోలేకపోయింది. తెలుగు నేల మీద తయారైన వాచీ చరిత్ర ఎవరూ సరిగా రాయకుండానే చెదిరిపోతోంది. ఆ పని హైదరాబాదులో ఎవరైనా భుజాన వేసుకోవాలి.

హెచ్.ఎం.టి.ని పడగొట్టింది క్వార్ట్జ్. స్ఫటికం ముక్క క్షణానికి 32,768 సార్లు కంపిస్తుంది. క్షణానికి 5 సార్లు కొట్టుకునే బ్యాలెన్స్ చక్రం దాని ముందు ఏ మూలకు? విచిత్రమేమంటే 1981 ప్రాంతంలోనే మన దేశంలో క్వార్ట్జ్ వాచీ తెచ్చింది హెచ్.ఎం.టి.యే. తెచ్చి, దాన్ని వెనక బల్ల మీద పెట్టింది. జనానికి కీ వాచీయే కావాలని నమ్మింది. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటాన్ పెట్టారు. జెర్క్సెస్ దేశాయ్ నాయకత్వంలో హొసూరులో ఫ్యాక్టరీ. 1987 నుంచి ఆ వాచీలు అంగళ్లలోకి వచ్చాయి, దాదాపు అన్నీ క్వార్ట్జ్. అద్దాల అంగడి, మెత్తని డబ్బా, తీరైన డయళ్లు, కొనేవాణ్ని కూచోబెట్టి చూపించే మర్యాద. వరసలో నిలబడి వాచీ కొన్న జనానికి ఆ మర్యాద ఎంత నచ్చి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సర్కారు పనితనం చెడి హెచ్.ఎం.టి. ఓడిందంటే నేను ఒప్పుకోను. వాచీ బాగానే ఉంది. కొనేవాడి మనసు మారుతోందని గమనించాల్సినవాళ్లు గమనించలేదు.

2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచెస్, చినార్ వాచెస్ సంస్థల మూసివేతకు ఆమోదం తెలిపింది. మిగిలిన కార్మికులకు స్వచ్ఛంద విరమణ ఇచ్చారు. తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రోకు వెళ్లింది. పాత నిల్వల మీద జనం విరుచుకుపడ్డారు. మూస్తారనగానే పాతికేళ్లుగా ఆ వైపు చూడనివాళ్లు కూడా కొన్నారు. తరవాత మాతృసంస్థ బెంగళూరులో తక్కువ సంఖ్యలో వాచీలు బిగించి అమ్మడం కొనసాగించింది. 2019లో జాలహళ్లిలో ఒక పాత బంగళాను హెచ్.ఎం.టి. వారసత్వ ప్రదర్శనశాలగా తెరిచారు. ట్రాక్టరు, లేత్ మిషన్లతో పాటు వాచీల వరసలు అక్కడ ఉన్నాయి. చెట్ల నీడలో మంచి చోటు. బెంగళూరుకు ఏ పని మీద పోయినా ఒక పూట కేటాయించదగినది.

అయితే ప్రదర్శనశాలలో ఉన్నవి ఎవరూ కట్టుకోని వాచీలు. కట్టుకున్నవాటి చరిత్ర ఇంకో చోట ఉంది. కణేకల్, రాయదుర్గం, కళ్యాణదుర్గం లాంటి ఊళ్లలో పాత రిపేరు అంగళ్ల సొరుగుల్లో. వాచీ సర్వీసింగ్ చేసిన ప్రతిసారీ మూత లోపలి వైపు సూదితో తేదీ, తన గుర్తు గీసి పెట్టడం ఆ వృత్తిలో పాత పద్ధతి. భూతద్దం పెట్టి ఒక మూత లోపల చూస్తే ఒకదాని కింద ఒకటి గీతలు కనబడతాయి. రెండు మూడేళ్లకొకటి చొప్పున వరసగా, తరవాత చాలా కాలం ఏమీ లేక, మళ్లీ ఒకటి. ఆ ఖాళీ ఏమిటి? చేతిలో డబ్బాడని కరువు ఏళ్లా? మనిషి బెంగళూరు, బళ్లారి వలస పోయిన కాలమా? వాచీ తాకట్టులో ఉందా? మా జిల్లా పల్లెల గురించి రెవెన్యూ రికార్డుల్లో దొరకని సంగతులు ఈ మూతల మీద దొరుకుతాయి. ఒక వాచీ చూస్తే ఊహే మిగులుతుంది. ఒకే అంగడి చేతిమీదుగా పోయిన వంద మూతలు చూస్తే అది చరిత్ర అవుతుంది.

సేకరణ మోజు ఇప్పుడు వీటినే చెరిపేస్తోంది. పాత హెచ్.ఎం.టి.లకు దేశంలోనూ బయటా గిరాకీ పుట్టింది. వయసు వచ్చినవాళ్లు చనిపోయాక ఇంట్లో పడి ఉన్న వాచీలను గుత్తగా తూకానికి కొనుక్కుపోతున్నారు. అవి పట్నం చేరాక ఒకదాని యంత్రం, ఇంకోదాని కేసు కలుపుతున్నారు. రంగు వెలిసిన డయల్ గీకి, ఎర్రగానో నీలంగానో కొత్త రంగు వేసి, ఫ్యాక్టరీ ఎన్నడూ చెయ్యని పేర్లు అచ్చు వేస్తున్నారు. కేసును పాలిష్ పట్టి మూత లోపలి గీతలు కూడా పోయేలా రుద్దుతున్నారు. కొత్తగా సేకరించేవాళ్లు దాన్నే అసలు పైలట్ అనుకుని కొంటున్నారు. సేకరించే కుర్రాళ్లకు నా మనవి ఒక్కటే. మెరిసే డయల్ కోసం పోవద్దు. మచ్చపడ్డ డయల్, పూత లేచిన కొమ్ములు, లోపల గీతలున్న మూత ఉన్న వాచీ దొరికితే అది ఏ ఊరిది, కట్టుకున్నవారి వృత్తి ఏమిటి, ఎప్పుడు కొన్నారు అన్న మూడు సంగతులు చీటీ మీద రాసి వాచీతో కలిపి పెట్టండి. చీటీ లేని వాచీ పదేళ్ల తరవాత ఇనుప సామాను.

ఇళ్లలో ఇంకా హెచ్.ఎం.టి. ఉన్నవాళ్లకు పని కొంచెం సులువు. నడవకపోతే మొదట అనుమానించాల్సింది ఎండిపోయిన నూనెను. కీ బలవంతంగా తిప్పితే స్ప్రింగు తెగుతుంది, కాబట్టి తిప్పకుండా తీసుకుపోండి. 0231 యంత్రానికి భాగాలు ఇప్పటికీ పాత వాచీల్లోంచి దొరుకుతాయి. కోట్లలో చేసిన వస్తువుకు ఉన్న అదృష్టం అది. పనిచేసే వేళ్లు మాత్రం తగ్గిపోతున్నాయి. కీ వాచీ పూర్తిగా విప్పి బిగించగలిగినవాళ్లు ఈ తాలూకాలో చాలామంది అరవై దాటినవాళ్లే. సెల్లు మార్చడమే పనిగా మిగిలిన అంగళ్లలో వాళ్ల విద్య నేర్చుకునే పిల్లలు లేరు. అనంతపురంలో ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఆ పెద్దవాళ్లను బల్ల ముందు కూచోబెట్టి, వాళ్ల చేతులు చేసే పనిని చిత్రీకరించి, పనిముట్ల పేర్లు వాళ్ల నోటితోనే చెప్పించి భద్రపరచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఈ రాయలసీమ యాసలో వాచీ రిపేరు విద్యకు ఉన్న మాటలు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఈ ధారావాహిక చదువుతున్నవారిలో అలాంటి అంగడి నడిపినవారు, వారి పిల్లలు ఉంటే, మూతల లోపలి గీతలను ఫోటో తీసి దాచి ఉంచమని కోరుతున్నాను. ఏ గుర్తు ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఉండగానే ఆ పని జరగాలి.

(వచ్చే వారం: కణేకల్ రచ్చకట్ట మీదికి పంచాయతీ రేడియో వచ్చిన రోజులు)